రబ్బరు టోపీ, రేగడి మట్టి

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989. అందులో 98వ నియమం స్టీరింగ్ గురించి. చక్రంలో ఆట 30 డిగ్రీలు మించకూడదట. లింకేజీలోని బాల్ జాయింట్లన్నిటికీ రబ్బరు టోపీలు ఉండాలట. బోల్టులూ పిన్నులూ ఊడిరాకుండా లాకై ఉండాలట. ఫిట్‌నెస్‌కు బండి పెట్టినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి చెయ్యి పెట్టి అటూ ఇటూ ఆడించి చూసేది మొదటిదాన్నే. డ్రైవర్లకు తెలిసిందీ అదే. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు తిరిగే పికప్‌కు మాత్రం ప్రాణం రెండో మాటలో ఉంది. టోపీ చిరగనంత కాలం మొదటి మాటతో పెద్దగా పని పడదు.

ముందు ఆ 30 డిగ్రీల సంగతి. స్టీరింగ్ చక్రం వ్యాసం 38 సెంటీమీటర్లు అనుకుందాం. దాని అంచు మీద 30 డిగ్రీలంటే పది సెంటీమీటర్లు, బెత్తెడు. చెయ్యి బెత్తెడు కదిలినా ముందు టైరుకు కబురు అందకపోవచ్చు, చట్టం ఊరుకుంటుంది. నా మట్టుకు ఇది మరీ ఉదారం. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ మలుపుల్లో బెత్తెడు ఆటతో బండి దింపేవాడు స్టీరింగ్‌ను నమ్ముకుని దింపడు, దేవుణ్ని నమ్ముకుని దింపుతాడు.

ఈ ఆట ఎక్కడ పుడుతుంది? చేతికి తెలిసేది చక్రం దగ్గర, పుట్టేది కింద, బురదలో. చక్రం తిప్పితే ఇరుసు స్టీరింగ్ బాక్సులోని గేర్లను తిప్పుతుంది. బాక్సు కింద వేలాడే డ్రాప్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ ఊపును డ్రాగ్ లింక్ అనే కడ్డీ ఒకవైపు ముందు చక్రానికి అందిస్తుంది. ఆ చక్రం నుంచి రెండో చక్రానికి అడ్డంగా పోయేది టై రాడ్. కొత్త నమూనాల్లో బాక్సుకు బదులు ర్యాక్ ఉంటుంది, కడ్డీలు పొట్టివవుతాయి. ఏ ఏర్పాటైనా కడ్డీల కొసలకు ఉండేవి మాత్రం ఒకటే జాతి కీళ్లు. షెడ్డుల్లో వాటిని ఎండ్లు అంటారు.

అడ్డ కడ్డీ ఎందుకుండాలో, దాని పొడవు ఎందుకంత కచ్చితంగా ఉండాలో చెప్పేది జ్యామితి. మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తంలో, బయటి చక్రం పెద్ద వృత్తంలో నడుస్తాయి. ముందు, వెనక చక్రాల మధ్య మూడు మీటర్లు, కుడి ఎడమల మధ్య మీటరు నలభై ఉన్న బండిని ఆరు మీటర్ల వ్యాసార్ధంతో తిప్పితే లోపలి చక్రం దాదాపు 29.5 డిగ్రీలు తిరగాలి, బయటిది 24 చాలు. రెండూ సమానంగా తిరిగితే ఒక టైరు దొర్లే బదులు ఈడ్చుకుపోతుంది. స్టీరింగ్ ఆర్మ్‌లను నేరుగా కాకుండా వెనక యాక్సిల్ మధ్యభాగం వైపు చూసేలా వంచి బిగిస్తే ఈ తేడా చాలావరకు తనంతట తానే వస్తుంది. ఈ పద్ధతికి మూలం మ్యూనిక్‌లో గుర్రపు బండ్లు తయారుచేసే గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్. ఆయన తరఫున లండన్‌లో 1818లో పేటెంటు తీసుకున్నవాడు రుడాల్ఫ్ ఆకర్‌మన్. పేరు ఆకర్‌మన్‌కే దక్కింది. మోటారు బండి పుట్టకముందే ఈ లెక్క తేలిపోయిందన్నమాట. ఇవాళ రోడ్డు మీద పోయే పత్తి బండి కూడా కొద్దిపాటి మార్పులతో దాన్నే పాటిస్తోంది.

ఇక కీలు. లోపల ఒక ఉక్కు గోళం, దాని నుంచి బయటికి వచ్చే స్టడ్, గోళం చుట్టూ గిన్నె, గిన్నెకూ గోళానికీ మధ్య ప్లాస్టిక్ లేదా లోహపు పొర, అడుగున స్ప్రింగు, అన్నిటి నడుమ గ్రీజు, మెడ చుట్టూ ఆ రబ్బరు టోపీ. టోపీకి మెకానిక్‌లు పెట్టిన పేరు బూటు. టోపీ అన్నా బూటన్నా చేసే పని ఒకటే: లోపలి గ్రీజును లోపల, బయటి మట్టిని బయట ఉంచడం.

ఒక మిల్లీమీటరు అరిగితే ఎంత నష్టమో లెక్కేద్దాం. స్టీరింగ్ ఆర్మ్ పొడవు 150 మిల్లీమీటర్లు అయితే, మిల్లీమీటరు ఆట వల్ల చక్రం 0.38 డిగ్రీ తన ఇష్టం వచ్చినట్టు తిరగగలదు. చూడ్డానికి ఏమీ కాదు. కానీ చక్రం ఆ కోణంలోనే నిలబడిపోతే ప్రతి 100 మీటర్లకూ టైరు 67 సెంటీమీటర్లు పక్కకు ఈడుస్తుంది. టైరు మీద చెయ్యి వేస్తే తెలుస్తుంది: లోపలి నుంచి బయటికి నిమిరితే నున్నగా, బయటి నుంచి లోపలికి నిమిరితే గరుకుగా, లేదా అటుదిటుగా. పైన డ్రైవర్ దగ్గర ఈ మిల్లీమీటరు ఇంకా పెరుగుతుంది. స్టీరింగ్ నిష్పత్తి ఇరవైకి ఒకటి అనుకుంటే 0.38 డిగ్రీ ఏడున్నర డిగ్రీలవుతుంది, చక్రం అంచు మీద రెండున్నర సెంటీమీటర్లు. ఆ మాత్రం ఆట డ్రైవర్ చేతికి వారంలో అలవాటైపోతుంది. చిక్కంతా ఆ అలవాటుతోనే.

ఈ రెండు పాత జిల్లాల నేల గురించి మాట్లాడకుండా అరుగుదల గురించి మాట్లాడలేం. కరీంనగర్ చుట్టూ రాయి గ్రానైట్. గంగాధర, కొత్తపల్లి, మానకొండూరు వైపు క్వారీల నుంచి టాన్ బ్రౌన్ అనే గోధుమరంగు రాయి దిమ్మెలు దేశం దాటి పోతాయి. గ్రానైట్ విరిగి, అరిగి మిగిల్చింది ఎర్ర చెలక. అందులో మెరిసే ఇసుక రేణువులు క్వార్ట్జ్. ఆదిలాబాద్ వైపు పోయేకొద్దీ దక్కన్ లావా పొరలు మొదలవుతాయి. ఆ నల్లరాయి చివికితే వచ్చేది రేగడి. చెలకలో మక్క, రేగడిలో పత్తి అన్నట్టే, చెలకలో ఒక రకం అరుగుదల, రేగడిలో ఇంకో రకం.

చెలక చేసే పని సూటిగా ఉంటుంది. 1812లో ఫ్రీడ్రిక్ మోస్ ఖనిజాలను ఏది దేన్ని గీరుతుందో చూసి పది మెట్లుగా పేర్చాడు. క్వార్ట్జ్‌ది ఏడో మెట్టు. ఇంజనీర్లు వాడే విక్కర్స్ కొలతలో క్వార్ట్జ్ సుమారు 1,100, గట్టిపరిచిన ఉక్కు గోళం 600 నుంచి 700 మధ్య. అంటే ఇసుక రేణువే గట్టిది. బూటుకు వెంట్రుకవాసి చీలిక పడినా ఎండాకాలం దుమ్ములో ఆ రేణువులు గ్రీజులోకి చేరతాయి. లోపలి పొర మెత్తనిది కాబట్టి రేణువు అందులో నాటుకుని కూర్చుంటుంది. అక్కడి నుంచి పొర పొరగా ఉండదు, సానరాయి అవుతుంది. అందరూ మెత్తని ప్లాస్టిక్ అరుగుతుందనుకుంటారు. విప్పి చూస్తే చాలాసార్లు గీతలు పడి చిక్కిపోయింది ఉక్కు గోళమే.

రేగడిది నెమ్మది పద్ధతి. అందులోని బంకమట్టి రేణువులు మెత్తనివే, గోళాన్ని గీరలేవు. కానీ నీళ్లు తాగితే ఉబ్బుతాయి, ఎండితే బిగుసుకుని పగుళ్లిస్తాయి. ముసురు పట్టిన రోజుల్లో జైనథ్, బేల వైపు చేల బాటల్లో తిరిగిన బండి కింద ఎండ్ల మెడలకు ఈ మట్టి పేరుకుంటుంది. రెండెండలు కాస్తే గట్టిపడి బూటు పెదవిని పట్టుకుంటుంది. చక్రం తిప్పినప్పుడల్లా స్టడ్ ఒకవైపు, మట్టి పట్టిన రబ్బరు ఇంకోవైపు లాగుతాయి. పెదవి లేస్తుంది. తర్వాతి వాగు దాటినప్పుడు నీళ్లు లోపలికి పోతాయి. గ్రీజు నీటితో కలిసి పాలలా తెల్లబడుతుంది, పలచనవుతుంది, కారిపోతుంది. గోళం మీద తుప్పు చుక్కలు పడతాయి. ఆ తుప్పే తర్వాత గరుకు కాగితం పని చేస్తుంది. బండిని నీళ్లతో కడగడం మంచిదే. అయితే ఒత్తిడి పంపు మొనను నేరుగా బూటు మీదే పెట్టి కొట్టేవాళ్లు వాగు చేసే పనిని సర్వీసింగ్ సెంటర్లోనే ముగించేస్తున్నారు.

పాత ఎండు ఒకదాన్ని రంపంతో నిలువుగా కోయించి చూడాలి. గోళం అన్నివైపులా సమంగా అరగదు. బండి ఎక్కువసేపు నేరుగానే పోతుంది కాబట్టి, నేరుగా ఉన్నప్పుడు భారం పడే రెండు చెక్కల మీదే అరుగుదల ఉంటుంది. గుండ్రని గోళం కాస్తా కోడిగుడ్డు వైపు మొగ్గుతుంది. పాతకాలపు ఎండ్లలో బిగించుకునే మూత ఉండేది. దాన్ని బిగిస్తే నేరుగా పోయేటప్పుడు ఆట పోయేది, కానీ పూర్తి మలుపులో అరగని భాగం వచ్చి గిన్నెలో ఇరుక్కునేది. మలుపు తిరిగాక చక్రం తనంతట తాను వెనక్కి రాకపోతే పాత డ్రైవర్లు ‘ఎండ్లు టైటు పెట్టిండు’ అని తిట్టేది ఇందుకే.

కీళ్లు ఎన్ని ఎక్కువైతే ఆట అంత పోగవుతుంది. రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపును చూడండి. దాని డ్రాగ్ లింక్ నేరుగా చక్రానికి పోదు. యాక్సిల్ మీద మధ్యలో ఒక పిన్ను చుట్టూ తిరిగే బెల్ క్రాంక్‌కు పోతుంది, అక్కడి నుంచి రెండు పొట్టి టై రాడ్లు చెరో చక్రానికి. బాక్సు నుంచి ఒక్కో చక్రం దాకా ఐదు కీళ్లు. ఒక్కోటి మిల్లీమీటరులో ఐదో వంతు అరిగినా చాలు, పైన లెక్కేసిన మిల్లీమీటరు వచ్చేస్తుంది. ఆ జీపు వంశాన్ని మన దేశంలో మహీంద్రా పెంచింది. ఉట్నూర్, జైనూర్ ఏజెన్సీ బాటల్లో ఏళ్ల తరబడి మనుషుల్ని మోసిన కమాండర్లు ఆ వంశంలోవే. పికప్‌లు వాటి తర్వాతి తరం.

ఆట పెరిగిన బండికి వచ్చే జబ్బుకు డ్రైవర్లు పెట్టిన పేరు వాబ్లింగ్. ఒక వేగం దగ్గర, ఏదో చిన్న గుంత తగలగానే, రెండు ముందు చక్రాలూ కలిసి ఎడాపెడా ఊగడం మొదలవుతుంది. స్టీరింగ్ చేతుల్లోంచి గుంజుకుంటుంది. వేగం తగ్గిస్తే గానీ ఆగదు. 1920లలో గాలి ఒత్తిడి తక్కువున్న లావు టైర్లు వచ్చాక ఐరోపా, అమెరికాల్లో ఇది పెద్ద గొడవైంది. ఫ్రెంచి ఇంజనీరు జార్జ్ బ్రూలియే 1925లో దీనికి మూలం టైరు పక్కకు జారే తీరులో ఉందని పట్టుకున్నాడు. చక్రం పక్కకు తిరగ్గానే టైరు దాన్ని వెనక్కి నెట్టదు, కొంచెం దొర్లాక నెడుతుంది. ఆ ఆలస్యం వల్ల ప్రతి ఊపుకూ బండి ముందుకు పోయే శక్తిలో కాస్త ఊపులోకి చేరుతుంది. ఊయలను సరైన అదునులో తోసినట్టే. కీళ్లు బిగువుగా ఉంటే మొదటి ఊపే పుట్టదు. వదులుంటే ఆ వదులు మేర చక్రానికి అడ్డు చెప్పేవాడే లేడు. అందుకే వాబ్లింగ్ వస్తే ముందు వీల్ బ్యాలెన్సింగ్‌కు పరిగెత్తడం డబ్బు దండగ. ముందు బండి కిందికి దూరాలి.

దూరడానికి ఇద్దరు కావాలి. బండి నేల మీదే, బరువు టైర్ల మీదే ఉండాలి. పవర్ స్టీరింగ్ అయితే ఇంజను స్టార్ట్ చేయాలి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి. ఒకరు క్యాబిన్లో కూర్చుని చక్రాన్ని బెత్తెడు మేర అటూ ఇటూ ఆడించాలి. ఇంకొకరు కింద పడుకుని ఒక్కో ఎండు మీద వేళ్లు పెట్టాలి: సగం వేలు గిన్నె మీద, సగం స్టడ్ తొడుక్కున్న కన్ను మీద. రెండూ కలిసి కదిలితే కీలు బాగున్నట్టు. ఒకటి కదిలాక రెండోది కదిలితే వేలికి చిన్న దెబ్బలా తెలుస్తుంది. ‘జర మెల్లగ తిప్పు... ఆఁ, గీ ఎండే కొడ్తాంది’ అని కింద నుంచి వినిపిస్తుంది. వేల రూపాయల యంత్రం చెప్పేది కూడా ఇంతకు మించి ఉండదు.

తర్వాత జాకీ. చక్రాన్ని గడియారంలో 9, 3 అంకెలుండే చోట పట్టుకుని కుదిపితే ఆట ఉంటే లింకేజీ అనుమానం. 12, 6 దగ్గర పట్టుకుని కుదిపితే ఉంటే కింగ్‌పిన్నో (చక్రం కుడి ఎడమలకు తిరిగే నిలువు పిన్ను), బేరింగో. రెండింట్లో ఏదో తేల్చడానికి ఒకరిని బ్రేకు తొక్కమనండి. ఆట మాయమైతే బేరింగు, మిగిలితే కింగ్‌పిన్.

ఎండు విప్పడంలో ఒక చక్కటి భౌతికశాస్త్రం ఉంది. స్టడ్ సన్నగా కోసుదేలి ఉంటుంది, కన్ను కూడా లోపల అదే వాలుతో ఉంటుంది. నట్టు బిగిస్తే రెండూ ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే నట్టు పూర్తిగా తీసేసినా ఎండు ఊడదు. కొత్తవాళ్లు స్టడ్ కొసను సుత్తితో బాదుతారు. కొస పుట్టగొడుగై మరలు పోతాయి. తెలిసినవాడు నట్టును రెండు మరల మీద వదిలేసి, కన్నుకు ఒకవైపు బరువైన సుత్తి ఆనించి, రెండోవైపు ఇంకో సుత్తితో ఒక్కటి వేస్తాడు. దెబ్బకు కన్ను ఒక్క క్షణం కోలగా సాగుతుంది. పట్టు తప్పుతుంది. ఎండు టక్కున కింద పడుతుంది. మరల మీద నట్టు ఉంచేది అది మొహం మీద పడకుండా.

కొత్త ఎండు బిగించే ముందు ఆ వాలును స్కెచ్ పెన్నుతో నల్లగా రుద్ది, కన్నులో పెట్టి, తిప్పి తీసి చూడాలి. నలుపు చుట్టూతా సమంగా చెరిగితే సరిగ్గా కూర్చుంటుంది. ఒక సన్నని వలయం దగ్గరే చెరిగితే వాలు వేరు, అంటే ఎండు ఇంకో బండిది, లేదా కన్ను అరిగి కోలపోయింది. అలా బిగించింది వదులై, స్టడ్ మెడ దగ్గర విరుగుతుంది. పాత సామాన్ల దుకాణంలో ‘సరిపోతది తీస్కపో’ అన్న మాటకు ఈ ఒక్క పరీక్ష జవాబు. నట్టుకు స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకొంచెం బిగించాలి తప్ప వదులు చేయకూడదు. 98వ నియమంలోని మూడో మాట ఇదే.

టై రాడ్ ఒక కొసన కుడి మరలు, ఇంకో కొసన ఎడమ మరలు ఉంటాయి. కడ్డీని తిప్పితే రెండు ఎండ్లూ ఒకేసారి దగ్గరవుతాయి, లేదా దూరమవుతాయి. మర ఎడం మిల్లీమీటరున్నర అయితే ఒక చుట్టుకు మూడు మిల్లీమీటర్లు. కాబట్టి ఎండు మార్చాక, ఎన్ని చుట్లు లెక్కపెట్టి పెట్టినా, టో కొలవకుండా బండి వదలకూడదు. టో అంటే చక్రాల ముందంచుల మధ్య దూరానికీ వెనకంచుల మధ్య దూరానికీ తేడా: వెనక చక్రాలు తోసే బండికి ముందు ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి, ఎందుకంటే నడకలో టైర్లు వెనక్కి లాగబడి ఆ మాత్రం తెరుచుకుంటాయి. కచ్చితమైన అంకె కంపెనీ పుస్తకంలో ఉంటుంది.

వంగిన టై రాడ్‌ను నిప్పు పెట్టి సరిచేయడం, విరిగిన ఆర్మ్‌కు వెల్డింగ్ పెట్టడం రోడ్డు పక్క షెడ్డుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. నేను దీన్ని ఒప్పుకోను. ఆ ఉక్కుకు బలం దాని కూర్పులో ఎంత ఉందో కాచి చల్లార్చిన తీరులో అంత ఉంది. వెల్డింగ్ చేసిన చోట ఎర్రగా కాగి చుట్టూ ఉన్న చల్లని లోహం వల్ల గబుక్కున చల్లారితే ఆ అంచు గాజులా పెళుసుబారుతుంది. కాస్త దూరంలో అదే వేడికి మెత్తబడుతుంది. పైకి కుట్టు అందంగానే ఉంటుంది. పెళుసు అంచు ఏ కల్వర్టు మీద తెగుతుందో ఎవరూ చెప్పలేరు.

అయితే వంగిన కడ్డీకి బదులు లావుది వేస్తే? అప్‌గ్రేడ్ అనగానే అందరి మనసులో ఉండేది ఇదే, అందులో నిజం కూడా ఉంది. రెండు కొసల నుంచి నొక్కితే సన్నని కడ్డీ ఎప్పుడు వంగుతుందో 1744లో లియోన్‌హార్డ్ ఆయిలర్ చెప్పాడు. బలం వ్యాసానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. 1.2 మీటర్ల పొడవు, 25 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ లెక్క ప్రకారం రెండున్నర టన్నుల పైచిలుకు దగ్గర లొంగుతుంది. 30 మిల్లీమీటర్లు చేస్తే అయిదున్నర టన్నులు. అయిదు మిల్లీమీటర్లకు రెండింతలు. కానీ రాయి మీద పడ్డ దెబ్బ ఎక్కడికీ పోదు. కడ్డీ వంగకపోతే ఆర్మో, స్టడ్డో, బాక్సు పళ్లో తీసుకోవాలి. వంగిన కడ్డీ స్టీరింగ్ పక్కకు లాగి తన సంగతి తాను చెబుతుంది. విరిగిన స్టడ్ ఏమీ చెప్పదు. ఎర్రటి క్వారీ బాటల్లో రోజూ తిరిగే బండికి కంపెనీదే పెద్ద నమూనా టై రాడ్ దొరికితే వేయండి, లేత్‌లో చేయించిన రోకలి వద్దు.

రేసు బండ్ల మీద మెరిసే బూటు లేని లోహపు రోజ్ జాయింట్లు కూడా ఇక్కడికి పనికిరావు. వాటికి ఆట తక్కువే, కానీ రేగడిలో ఒక్క వానాకాలం చాలు. స్టీరింగ్ డాంపర్ వాబ్లింగ్‌ను అణిచిపెడుతుంది, అరుగుదలను దాచిపెడుతుంది. నన్నడిగితే ఖర్చుకు తగ్గ అప్‌గ్రేడ్లు రెండే: గ్రీజు నిపుల్ ఉన్న మంచి ఎండ్లు, నీళ్లకు లొంగని గ్రీజు. జూన్‌లో వానలు మొదలవకముందు, మళ్లీ పత్తి తోలకం మొదలవకముందు, పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టాలి. అంతకు మించి కొడితే బూటే పగులుతుంది.

ఎండ్లన్నీ కొత్తవే వేసినా కొన్ని పికప్‌లు ఖాళీగా పోతే ఊగుతాయి, లోడుంటే దారిలో ఉంటాయి. పానా పట్టక ముందు ఇలాంటి బండి వెనక్కి పోయి చూడాలి. కమాన్‌పట్టీల్లో కంపెనీ ఇవ్వని పట్టీ ఒకటి ఎక్కువ ఉండవచ్చు. అది వెనక భాగాన్ని అయిదు సెంటీమీటర్లు లేపితే, ముందు, వెనక చక్రాల మధ్య మూడు మీటర్లున్న బండి ముందుకు దాదాపు ఒక డిగ్రీ వాలుతుంది. చక్రాన్ని నేరుగా నిలిపేది కింగ్‌పిన్ వెనక్కి వాలి ఉండే క్యాస్టర్ కోణం. మూడు డిగ్రీలుండేది రెండవుతుంది, నిలిపే శక్తిలో మూడో వంతు పోతుంది. పత్తి నింపగానే వెనక దిగి కోణం తిరిగొస్తుంది. అప్పుడింకో చిక్కు: బాడీ వెనక యాక్సిల్‌కు 80 సెంటీమీటర్లు అవతల వేలాడే 300 కిలోలు ముందు చక్రాల మీది నుంచి 80 కిలోలు ఎత్తేస్తాయి, స్టీరింగ్ తేలికైపోతుంది. ఈ లెక్క చెబితే ఓనర్ తల ఊపుతాడు. పట్టీ తీయిద్దామంటే మాత్రం మార్కెట్ యార్డు వైపు చూస్తాడు. ‘సీజన్ అయినంక తీపిస్త తియ్, ఇప్పుడైతే ఎండ్లు ఎయ్యి.’